ఎడమచేతి గడ్డం

చెన్నకేశవులు చేతికి కట్టు విప్పి నలభై రోజులైంది. కట్టు ఉన్నన్నాళ్ళూ ఎలాగో ఓర్చుకున్నాడు గాని, విప్పాక ఇంట్లో అతని కాలు నిలవడం మానేసింది. పొద్దున అయిదింటికే లేచేవాడు. మాచర్ల బస్టాండు వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతల. అయిదున్నరకి విజయవాడ బస్సు కదిలితే, ఆ చప్పుడు విని నడిపేది ఎవరో చెప్పేవాడు. "వీడు క్లచ్చి మీద నుంచి కాలు తియ్యడు" అని గోడవైపు తిరిగి గొణుక్కునేవాడు. ఆ బస్సుని పదకొండేళ్ళపాటు నడిపింది అతనే. ఆర్టీసీలో అతని సర్వీసు మొత్తం ఇరవై రెండేళ్ళు.

ఎండాకాలంలో నూజెండ్లలో బావమరిది ఇంటికి పోయాడు. గొడ్లకి చొప్ప నరికే మిషన్లో కట్ట ఇరుక్కుంటే, కరెంటు తియ్యకుండా చెయ్యి పెట్టాడు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మొదటి కణుపు దాకానే మిగిలాయి. బొటనవేలు ఉంది గాని సగం కూడా వంగదు. చెయ్యి దక్కినందుకు సంతోషించమన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. చెన్నకేశవులుకి ఆ సంతోషం ఎలా పడాలో తెలియలేదు. అతను మళ్ళీ బస్సు నడపొచ్చా లేదా అన్నది విజయవాడలో మెడికల్ బోర్డు తేల్చాలి. దానికి ఇంకా రెండు నెలలు ఆగాలన్నారు.

ఆగడం అతనికి రాని పని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం రెండుసార్లు రైలు స్టేషన్ దాకా నడిచి వచ్చేవాడు. ఒకరోజు వంటింట్లో డబ్బాలన్నీ దించి తుడిచి వేరే వరసలో పెట్టాడు. భార్య మంగతాయారు కారం అనుకుని పప్పులో మూడు చెంచాల పసుపు వేసింది. కూతురు సాయిసాత్విక కాలేజీ నుంచి రాగానే గుమ్మంలోనే అడిగేవాడు.

"ఏ బస్సుకి వచ్చావమ్మా? ఎన్ని నిమిషాలు లేటు?"

"నేను ఆటోలో వచ్చా నాన్నా" అనేది ఆ పిల్ల, చెప్పులు విప్పుతూ.

వీటన్నిటికీ తోడు గడ్డం ఒకటి. ఇరవై రెండేళ్ళుగా డ్యూటీ ఎక్కే ముందు నున్నగా గీసుకోవడం అతనికి అలవాటు. ఇప్పుడు కుడిచేతిలో ఏ సన్నటి పిడీ నిలవడం లేదు. ఎడమచేత్తో మూడు బ్లేడ్ల కొత్త రేజరు పట్టి చూశాడు. తెగుతుందో లేదో తెలియక బలంగా అదిమేవాడు. మెడంతా ఎర్రటి పొక్కులు లేచి, కొన్నిట్లో చీము పట్టింది. మిషన్ పెట్టి కత్తిరించుకుంటే, కోసిన మొక్కజొన్న చేనులో మోళ్ళలాగా మిగిలిపోయేది. రోజుకి పాతికసార్లు ఆ మోళ్ళు తడుముకుంటూ ఇల్లంతా తిరిగేవాడు.

బస్టాండు ఎదురుగా చిన్నా సెలూనుకి రెండుసార్లు పోయాడు. చిన్నా చెయ్యి మంచిదే. కాని నురగ పట్టించి తల వెనక్కి వంచగానే పక్క కుర్చీలోంచి ఎవరో ఒకరు అడిగేవారు, "ఏందన్నా, చేతికి ఏమైంది?" అని. నోరు తెరిస్తే సబ్బు. తెరవకపోతే పొగరనుకుంటారు. రెండోసారి, మెడ మీద కత్తి ఉండగానే చెన్నకేశవులు లేవబోయాడు. చిన్నా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అన్నా, నీ గొంతు తెగితే నా షాపు మూతబడిద్ది. కుదురుగా కూర్చుంటావా, ఇంటికి పోతావా?"

ఇంటికే వచ్చాడు. ఒక చెంప గీసి ఉంది, రెండోది లేదు.

మంగతాయారు అతన్ని ఎగాదిగా చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు పెదవి కొరుక్కుని, కుక్కరు చేతికిచ్చింది. "దీని పిడి ఊగుతంది. రసూల్ బాబాయ్ దగ్గిరికి తీసకపో. అయిందాకా అక్కడే కూర్చో, ఇక్కడ తిరక్కు."

రసూల్ స్టేషన్ రోడ్డులో తాళాలు, స్టవ్‌లు, పత్తికి మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. చుబుకం మీద కొంచెం తెల్లగడ్డం ఉంచుకుని, బుగ్గలూ మెడా మాత్రం నున్నగా గీసుకుంటాడు. ఆ గడ్డం అంచు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది.

కుక్కరు అందుకుంటూ రసూల్ అతని మొహం చూశాడు. "ఏంది డ్రైవరూ, సగం ఎవరికి దాచావు?"

చెన్నకేశవులు జరిగింది చెప్పాడు. చెబుతున్నంతసేపూ షాపులో అటూ ఇటూ తిరిగాడు, గోడకున్న తాళాలన్నీ ఒక్కొక్కటీ లాగి చూశాడు. రసూల్ పిడికి మరలు బిగించి, బల్ల సొరుగులోంచి ఒక రేజరు తీసి ముందు పెట్టాడు. పొట్టి పిడి, బరువైన తల. వెండిరంగు పూత అక్కడక్కడా లేచిపోయి లోపల ఇత్తడి కనిపిస్తోంది.

"ఇట్టాంటివి రెండున్నయి నా దగ్గిర. మా నాన్న సాగర్ డ్యాము కట్టేటప్పుడు ఫిట్టరు. పని అయిపోయి వెళ్ళేటప్పుడు ఎవరో ఇంజనీరు ఇచ్చాడంట. ఒకదాంతో నేను రోజూ గీసుకుంటన్నా. ఇది పట్టేసి ముప్పై ఏళ్ళయింది. పిడి కింద మర తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకోవాలి, మధ్యలో బ్లేడు పెట్టాలి. తిరగట్లా."

"బాగుచేసి ఇయ్యి బాబాయ్."

"నాకు తీరికెక్కడిది? నీకు తీరిక తప్ప ఏముంది?" అన్నాడు రసూల్. "గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు, పాత పళ్ళ బ్రష్షు. అంతే. ఇత్తడి గదా అని చింతపండు పెట్టి తోమొద్దు, ఉన్న పూత కూడా పోతది. మురికి పోయినాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క మర సందులో వెయ్యి. పట్టకారు పెట్టావా, విరిగిపోతది."

ఆ పని మూడు రోజులు పట్టింది. మొదటిరోజు అరగంటలోనే విసుగొచ్చి రేజరుని అరుగు మీదికి విసిరికొట్టాడు. మళ్ళీ తనే పోయి తెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్ళనాటి సబ్బు గట్టిపడి సందుల్లో సున్నంలా పేరుకుపోయింది. దాన్ని ఎడమచేత్తో గీరుతుంటే రేజరు జారేది. కుడి అరచేతికీ పొట్టకీ మధ్య అదిమిపట్టి గీరడం నేర్చుకున్నాడు. మూడోరోజు సాయంత్రం మర కిర్రుమని కదిలింది. రెండు రెక్కలు పైకి లేచాయి. సాయిసాత్విక పరుగెత్తుకొచ్చి, అతని చేతిలోంచి లాక్కుని నాలుగుసార్లు తెరిచి మూసింది.

"నాన్నా, ఇట్టాంటివి జమ చేసేవాళ్ళు ఫోనులో చానామంది ఉన్నారు. ఒకాయన దగ్గిర రెండొందలున్నయ్యంట."

"వాళ్ళకి ఎన్ని మొహాలున్నయ్యంట?" అన్నాడు చెన్నకేశవులు. ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది.

ఆ మర్నాడే, ఎవరూ లేవకముందు, కొట్లో కొన్న సన్నటి బ్లేడు దాంట్లో పెట్టి అద్దం ముందు నిలబడ్డాడు. పాత అలవాటుకొద్దీ అదిమి ఒక్క లాగు లాగాడు. దవడ కింద రెండంగుళాల పొడుగున తెగింది. రెండో లాగుకి పెదవి పక్కన. రక్తం బనీను మీదికి కారింది. మంగతాయారు లేచి వచ్చి చూసి కేక పెట్టింది.

"పోయిన వేళ్ళు చాలక మొహం కూడా పోగొట్టుకుంటావా? ఇది ఇంట్లో ఉండటానికి లేదు!"

కాగితం ముక్కలు మొహానికి అంటించుకుని రసూల్ దగ్గరికి పోయాడు. రసూల్ జాలిపడలేదు.

"నిన్నెవరు మొదలుపెట్టమన్నారు? నాలుగు రోజులు గడ్డం ముట్టుకోబాక. పెరగనీ. పెరిగినాక, వెంట్రుక ఏ వైపు పడుకుందో వేళ్ళతో చూసుకో. బుగ్గ మీద ఒక తీరు, మెడ మీద ఒక తీరు ఉంటది. తెలిసినాకే రా."

నాలుగు రోజులు. గాయాలు మానేదాకా ఎలాగూ ఆగాల్సిందే. ఎడమచేతి వేళ్ళతో తడిమి చూసుకునేవాడు. బుగ్గల మీద వెంట్రుకలు కిందికి ఉన్నాయి. మెడ మీద కుడివైపు ఏటవాలుగా చెవివైపు పోతున్నాయి. ఎడమవైపు సుడి తిరిగి ఉన్నాయి. నలభై ఏడేళ్ళు వచ్చినా తన మెడ మీద సుడి ఉందని అతనికి తెలియదు. పొక్కులన్నీ అక్కడే లేచేవి.

అయిదోరోజు పొద్దున రసూల్ షాపు వెనక, నీళ్ళ తొట్టి పక్కన, మేకుకి అద్దం తగిలించి పాఠం మొదలుపెట్టాడు.

"ముందు వేడినీళ్ళ తువాలు. ఇంకాసేపు. వెంట్రుక మెత్తబడాలి. ఆఁ, ఇప్పుడు సబ్బు. బ్రష్షు ఏ చేత్తో పట్టావు?"

"ఎడమ."

"కుడిచేత్తో పట్టు."

"నిలవదు బాబాయ్."

"దీని పిడి లావు. పట్టి చూడు."

ఉంగరంవేలు, చిటికెనవేలు, వంగని బొటనవేలు. ఆ మూడింటి మధ్య బ్రష్షు నిలిచింది. సబ్బు గిన్నెలో తిప్పితే తిరిగింది. మొదట పలచటి బుడగలు వచ్చి, తర్వాత నురగ పెరుగులా చిక్కబడింది. ఎండాకాలం తర్వాత ఆ చెయ్యి చేసిన మొదటి పని అదే. చెన్నకేశవులు అవసరమైన దానికంటే ఎక్కువసేపు తిప్పుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు రేజరు ఎడమచేత్తో. తల భాగం చెంపకి ఆనించు. పిడిని మెల్లగా కిందికి దించు. బ్లేడు వెంట్రుకకి తగిలినట్టు తెలుస్తదే, అక్కడ ఆపు. నొక్కబాక. దాని బరువే దాన్ని లాగుద్ది. నువ్వు ఊరికే వెంబడి పో."

కొంచెం లాగాడు. సన్నగా గరగరమని చప్పుడు వచ్చింది.

"ఆ చప్పుడు విను. ఇంజను వింటావు గదా, అట్టా. చప్పుడు ఆగిందంటే పిడి లేచిపోయిందని."

ఒక చెంప పూర్తికావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. మెడ మీద సుడి దగ్గరికి రాగానే రసూల్ ఆపమన్నాడు. ఆగి, వెంట్రుక తీరు వేలితో చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. చివర్లో రసూల్ తడిపిన పటికముక్క ఇచ్చి మొహమంతా రుద్దుకోమన్నాడు. దవడ దగ్గర భగ్గున మండింది.

"మండినచోట నొక్కావన్నమాట. రేపు అక్కడ చూసుకో. పటిక అబద్ధం చెప్పదు."

ఆ తర్వాత రోజూ పొద్దున అరగంట అద్దం ముందే గడిచేది. ఒక్కొక్క రోజూ మండే చోట్లు తగ్గాయి. మూడు వారాలకి పొక్కులు పోయాయి. మంగతాయారు రేజరు సంగతి ఎత్తడం మానేసి, తనే నీళ్ళు కాచి పెట్టసాగింది. ఒకరోజు పక్కన నిలబడి చూసి, వేలితో అతని బుగ్గ నిమిరి, "బాగానే గీకావే" అంది. ఆ మాట అతను మధ్యాహ్నం దాకా మనసులో తిప్పుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే చెన్నకేశవులు కాదు. ఏమీ చాతకాని ఎడమచెయ్యి ఇరవై రోజుల్లో ఇంత నేర్చుకుంటే, ఇరవై రెండేళ్ళు స్టీరింగ్ పట్టిన కుడిచెయ్యి ఎందుకు నేర్చుకోదు? ఈ ఆలోచన పట్టాక మళ్ళీ నిద్ర కరువైంది, మళ్ళీ నడకలు మొదలయ్యాయి. ఇంట్లో కంచం పట్టుకుని తిప్పేవాడు, సైకిలు చక్రం పట్టుకుని తిప్పేవాడు. బోర్డు నుంచి కాగితం వచ్చింది. పరీక్షకి ఇంకా పన్నెండు రోజులు.

రసూల్ కొడుకు మోయిన్ మిర్చి బస్తాలు తోలే నాలుగు చక్రాల చిన్న ట్రాలీ బండి నడుపుతాడు. చెన్నకేశవులు రసూల్‌కి తెలియకుండా మోయిన్‌ని పట్టుకున్నాడు.

"కారంపూడి దాకా నేను తోల్తా. నువ్వు పక్కన కూర్చో. ఖాళీ బండేగా."

"వద్దన్నా. నాన్నకి తెలిస్తే నా తోలు తీస్తాడు."

"ఇరవై రెండేళ్ళలో ఒక్క యాక్సిడెంటు లేనోణ్ణి, నన్ను నమ్మవా?"

మోయిన్ ఆ మాటకి తాళాలు ఇచ్చాడు.

పొద్దున ఎనిమిదింటికి ఊరు దాటారు. మొదటి అయిదు కిలోమీటర్లు చెన్నకేశవులుకి ప్రాణం లేచి వచ్చింది. రెండు వైపులా పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. రెండు అరచేతుల మధ్య చక్రం బుద్ధిగా తిరుగుతోంది. "చూశావా?" అన్నాడు. మోయిన్ తలూపాడు గాని, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

ఒక మలుపు తిరగగానే ఎదురుగా చొప్ప ట్రాక్టరు. దాని వెనకనుంచి పక్కకి తీసి ఒక మోటారుసైకిలు సరిగ్గా వీళ్ళ ఎదురుకి వస్తోంది. దాని మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో పాప. చెన్నకేశవులు బ్రేకు నొక్కి, గేరు దించడానికి ఎడమచెయ్యి తీశాడు. ఇరవై రెండేళ్ళుగా చేసినట్టే చేశాడు. ఆ క్షణంలో స్టీరింగ్ మీద ఉన్నది కుడిచెయ్యి ఒక్కటే. బండిని ఎడమకి తిప్పాలి. చక్రం మీద ఆ చెయ్యి జారింది. లేని వేళ్ళతో పట్టుకోబోయాడు. మోయిన్ అరిచి, మీద పడి చక్రాన్ని తనవైపుకి లాగాడు. ట్రాలీ రోడ్డు దిగి, మట్టిలో కోసుకుంటూ పోయి తుమ్మచెట్టుకి అడుగు దూరంలో ఆగింది.

మోటారుసైకిలు అతను కొంచెం దూరం పోయి ఆగి, వెనక్కి తిరిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. చెన్నకేశవులు కిందికి దిగి నిలబడి అన్నీ విన్నాడు. పాప నిద్రలో ఉంది, లేవలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు.

"దెబ్బలేమన్నా తగిలినయ్యా అన్నా?" అన్నాడు మోయిన్.

"నువ్వు తోలు" అన్నాడు అతను, తాళాలు ఇచ్చి.

ఇంట్లో చెప్పలేదు. మర్నాడు గడ్డం గీసుకుంటుంటే రెండుచోట్ల తెగింది. రసూల్‌కి మాత్రం కొడుకు చెప్పేసినట్టుంది. రెండు రోజుల తర్వాత అతను ఆ షాపు ముందునుంచి పోతుంటే పిలిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. తిడతాడని చెన్నకేశవులు ఎదురుచూశాడు. రసూల్ టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఆ తర్వాత, "నీ చెయ్యి నీకు తెలిసింది గదా. ఇంకెవరికి తెలియాలి?" అని స్ప్రేయర్ పంపు విప్పడంలో పడ్డాడు.

బోర్డు రోజున మొదటి బస్సుకే విజయవాడ చేరాడు. ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్నావిడ అతని చెయ్యి తిప్పి తిప్పి చూసింది. చేతి పట్టు కొలిచే మిషన్ ఇచ్చి నొక్కమంది. ఇంట్లో కంచాలు తిప్పిన బలమంతా పెట్టి నొక్కాడు. అంకె చూసి పక్కనున్న డాక్టరు, "పర్లేదే" అన్నాడు. చెన్నకేశవులు కుర్చీలో ముందుకి జరిగాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాయబోయి ఆగింది.

"గేరు మార్చేటప్పుడు స్టీరింగ్ ఏ చేత్తో పడతారు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. చెప్పడానికి అతని దగ్గర రెండు మూడు జవాబులు తయారుగా ఉన్నాయి. దారిపొడుగునా వల్లించుకున్నవే.

"ఈ చేత్తోనే మేడమ్" అన్నాడు కుడిచెయ్యి ఎత్తి. "పది రోజుల కింద ఖాళీ ట్రాలీ తోలి చూశా. జారిపోయింది. పక్కనోడు పట్టుకోబట్టి సరిపోయింది."

ముగ్గురూ అతని మొహంలోకి చూశారు. ఆవిడ కళ్ళజోడు తీసి, "థ్యాంక్స్ అండీ" అని మాత్రం అంది.

తిరుగు బస్సులో డ్రైవరు తెలిసినవాడే. ముందుకు రమ్మని పిలిచినా పోకుండా చివరి సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. సత్తెనపల్లి దాటేదాకా బాగానే ఉన్నాడు. ఆ తర్వాత బస్సు గేరు మారినప్పుడల్లా సీటు మీద తన ఎడమచెయ్యి కదులుతోందని గమనించాడు. దాన్ని తొడ కింద పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే, దుమ్ము పడిందనుకుని పక్కాయన కిటికీ అద్దం మూశాడు.

మంగతాయారు అంతా విని, చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టింది. "నోరు మూసుకుని ఉంటే పోయేది గదయ్యా?" అంది.

"ఆమె అడిగింది. చెప్పా."

"సరే, కాళ్ళు కడుక్కో. అన్నం తిందువు గాని."

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. డ్రైవింగ్‌కి పనికిరాడు. బస్టాండులో కంట్రోలర్ దగ్గర పని. సాయిసాత్విక ఆర్డరు రెండుసార్లు పైకి చదివి, "ఊళ్ళోనే నాన్నా, రోజూ ఇంటికి రావచ్చు" అంది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్టేషన్ దాకా నడిచి వచ్చాడు.

మొదటిరోజు డ్యూటీకి కిటికీ వెనక ఒక కుర్చీ, ఏ బస్సు ఎక్కడాగుతుందో చెప్పడానికి ఒక మైకు, ఒక రిజిస్టరు ఇచ్చారు. పావుగంట కూర్చున్నాడు. మోకాళ్ళు ఊపాడు. లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట ఒక కొత్త డ్రైవరు వినుకొండ బండిని వెనక్కి తీస్తూ, ప్లాట్‌ఫారం సిమెంటు దిమ్మెకి గుద్దబోయాడు. చెన్నకేశవులు తలుపు తోసుకుని బయటికి ఉరికాడు. బస్సు వెనక రేకు మీద ఎడమ అరచేత్తో దబదబా చరిచాడు.

"ఆపు, ఆపు! ముందుకి పోనీ. కొంచెం. ఆఁ, ఇప్పుడు రా. రానీ, రానీ... చాలు!"

కుర్ర డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి దణ్ణం పెట్టాడు. చెన్నకేశవులు వెనక్కి తిరిగేసరికి, చంకన సంచితో ఒక ముసలమ్మ నిలబడి ఉంది.

"గురజాల బస్సు ఎక్కడాగిద్ది నాయనా?"

అలవాటుగా కుడిచెయ్యి ఎత్తాడు. చూపించడానికి వేలు లేదు. ముసలమ్మ ఆ చేతివంక చూసి, సంచి సర్దుకుంది.

"రా అమ్మా, చూపిస్తా" అని ఆమె సంచి అందుకుని ముందు నడిచాడు. ఆమెని ఎక్కించి వచ్చేసరికి పిడుగురాళ్ళ పోవాల్సిన వాళ్ళు ఇద్దరు, సాగర్ పోవాల్సిన కుటుంబం ఒకటి అతని కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళని కూడా తీసుకుపోయాడు. లోపల మైకు ముందు కుర్చీ మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉంది.